కాన్పు వార్డుకు విరాళం ఇవ్వాలనుకునే కంపెనీ యజమానికి

అట్టపెట్టెలు తయారుచేసే మా కంపెనీకి పదేళ్లు నిండినప్పుడు, మా అమ్మ పేరున ఒక ప్రభుత్వ ఆసుపత్రి కాన్పు వార్డుకు వార్మర్ ఇచ్చాను. పుట్టిన బిడ్డ ఒళ్లు చల్లబడకుండా పైనుంచి వేడినిచ్చే బల్ల అది. రిబ్బను కత్తిరించాం, ఫొటోలు దిగాం. ఎనిమిది నెలల తర్వాత వెళ్లి చూస్తే దాని మీద సెలైన్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఆ గోడకు ఉన్నది ఫోను ఛార్జరు పెట్టుకునే చిన్న సాకెట్టు. వార్మర్ ప్లగ్గు అందులో పట్టదు. ఎలక్ట్రీషియన్‌ను తీసుకెళ్లి పెద్ద సాకెట్టు, ఎర్తింగు, స్టెబిలైజరు పెట్టిస్తే ఒక్క పూటలో పని అయిపోయింది. ఆ ఎనిమిది నెలల్లో అక్కడ పుట్టిన పిల్లలు ఇప్పటికీ గుర్తొస్తుంటారు. మీకు ఆ బాధ రాకూడదనే ఈ నాలుగు మాటలు.

ముందు ఏదీ కొనకండి. ఏదైనా నెల 9వ తేదీన ఆసుపత్రికి వెళ్లండి. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద 2016 నుంచి ఆ రోజున నాలుగో నెల దాటిన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా ఆ బెంచీ మీదే కూర్చోండి. ఎంతసేపు నిలబడుతున్నారు, తాగునీళ్లు ఉన్నాయా, మరుగుదొడ్డి తలుపుకు గడియ పడుతుందా చూడండి.

తర్వాత రాత్రి డ్యూటీ చేసే స్టాఫ్ నర్సుతో మాట్లాడండి. "ఏం కావాలమ్మా" అని అడిగితే మొహమాటపడతారు. "రాత్రి రెండింటికి కాన్పు వస్తే చేతికి అందనిది ఏమిటి?" అని అడగండి. మాకు ఆ సిస్టర్ గారు చెప్పింది వెనక్కి వాలే కుర్చీ. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి గుండెలకు, ఒంటికి ఒళ్లు తగిలేలా గంటల తరబడి హత్తుకుని ఉండాలి. కంగారూ సంరక్షణ అంటారు. ఇనుప మంచం మీద బాలింత అంతసేపు ఎలా కూర్చుంటుంది? నాలుగు కుర్చీలు, ముందు తెరుచుకునే గౌన్లు, బిడ్డను కట్టుకునే మెత్తటి గుడ్డలు, చాటుకు ఒక తెర. ఆ వార్మర్ కన్నా నాకు తృప్తినిచ్చిన విరాళం ఇదే.

పాలపొడి డబ్బాలు మాత్రం పంచకండి. తల్లిపాలను కాపాడటానికి 1992లో వచ్చిన చట్టం దాన్ని ఒప్పుకోదు. స్కానింగ్ యంత్రం ఇవ్వాలనుకుంటే, లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఆ ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఐరన్ మాత్రలు ప్రభుత్వమే ఇస్తుంది, గర్భిణికి 180. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది. రక్తహీనతను పట్టే హిమోగ్లోబిన్ మీటరు ఉండి, రక్తపు చుక్క వేసే స్ట్రిప్పులు అయిపోయాయేమో అడగండి. చిన్న ఖర్చే, పెద్ద అవసరం.

యంత్రం కొనడం కన్నా దాన్ని నడిపించడం కష్టం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సులు మొదలైంది సత్యం కంప్యూటర్స్ వ్యవస్థాపకుడు రామలింగరాజు కుటుంబం ఇచ్చిన డబ్బుతో. తర్వాత నడిపే ఖర్చు ప్రభుత్వం తలకెత్తుకోబట్టే అవి ఇవాళ్టికీ నిండు నెలల గర్భిణులను ఆసుపత్రికి చేరుస్తున్నాయి. మనలాంటి చిన్నవాళ్లకు ఆ వెన్నుదన్ను ఉండదు. అందుకే నేను వంద రూపాయలు తీస్తే అరవై వస్తువుకు, నలభై రాబోయే మరమ్మతులకు పక్కన పెడతాను.

ఇచ్చేటప్పుడు సూపరింటెండెంటుకు లేఖ రాయండి, స్టాక్ రిజిస్టరులో ఎక్కించారో లేదో కళ్లతో చూడండి. లేకపోతే పాడైనప్పుడు బాగు చేయించే దిక్కుండదు. బాలింతల ఫొటోలు తీయకండి.

ఇంకొకటి, మీ ఫ్యాక్టరీ సంగతి. మా గమ్ము విభాగంలో ఒకమ్మాయి పాలు చేపుకొస్తుంటే స్నానాలగదిలోకి వెళ్లి పిండేస్తోందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పాత స్టోరు గది ఖాళీ చేయించి కుర్చీ, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ పెట్టించాం. మీరూ అలాంటి గది ఏర్పాటు చేస్తే, తలుపుకు లోపలి గడియ మరవకండి.