రేపటి పీరియడ్‌కి వీడియో ఎలా వెతకాలి, ఏ టూల్ వాడాలి: తోటి టీచర్ల కోసం

ముందు నా క్లాసులో జరిగింది చెప్తాను. రుతువుల పాఠం చెప్పాల్సిన రోజు టైమ్ లేక ఒక యానిమేషన్ వీడియో మొదటి రెండు నిమిషాలు మాత్రం చూసి, బాగుందనుకుని క్లాసులోని ప్యానెల్ (పెద్ద డిజిటల్ తెర) మీద పెట్టేశా. బొమ్మలు బాగున్నాయి, తెలుగు చెప్పే గొంతు కూడా చక్కగా ఉంది, పిల్లలు కళ్ళార్పకుండా చూశారు. నాలుగో నిమిషంలో భూమి తిరిగే దారిని కోడిగుడ్డు కంటే పొడుగ్గా సాగదీసి చూపించి, సూర్యుడికి దగ్గరికి వచ్చినప్పుడు ఎండాకాలం, దూరం వెళ్ళినప్పుడు చలికాలం అని చెప్పేశారు. నేనప్పుడు రిజిస్టర్ రాసుకుంటున్నా, వినలేదు. స్లిప్ టెస్ట్ పెడితే చాలామంది అదే రాశారు.

నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, అంటే సంక్రాంతికి ఇంకా పది రోజులుండగా, మనం దుప్పటి ముసుగు తీయని రోజుల్లో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జూలై మొదట్లో ఎక్కువగా ఉంటుంది, 15.2 కోట్లు. రుతువులు వచ్చేది భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల. ఇది సరిచేయడానికి గ్లోబు, టార్చిలైటు పట్టుకుని నాకు రెండు పీరియడ్లు పట్టింది. నోటితో తప్పు చెప్తే మర్చిపోయేవాళ్ళేమో, కంటితో చూసింది అంత తేలిగ్గా పోదు. అప్పట్నుంచి ఒకటే నియమం పెట్టుకున్నా, మొదట్నుంచి చివరిదాకా నేను చూడని వీడియో క్లాసులో పెట్టను. ఎంత బిజీగా ఉన్నా సరే.

ఇంక ఎలా ఎంచుకోవాలో. మనం చేసే మొదటి పొరపాటు ఏంటంటే పాఠం పేరు టైప్ చేసి వెతకడం. "విద్యుత్ పదో తరగతి" అని కొడితే ముప్పావుగంట లెక్చర్లు వస్తాయి, అది మనం చెప్పేదే కదా, ఇంకొకళ్ళతో చెప్పించడం ఎందుకు. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ముందు ఒక ప్రశ్నగా రాసుకోండి. నా క్లాసులో అయితే "శ్రేణిలో రెండో బల్బు కలిపితే మొదటి బల్బు వెలుగు ఎందుకు తగ్గింది" అనేదే చిక్కు, కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోయి మిగిలింది రెండోదానికి వెళ్తుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఆ ప్రశ్నకి జవాబు చూపించేది ఒక్క నిమిషం క్లిప్ దొరికినా చాలు. ప్రశ్న లేకపోతే అసలు వీడియో వద్దు, బోర్డు మీద చెప్పుకుందాం.

వీడియో చూసేటప్పుడు నేను చూసేవి ఇవి. విషయం కరెక్టేనా అనేది అన్నిటికంటే ముఖ్యం, అది పైన చెప్పా. దాని తర్వాత మాటలు. మన పుస్తకంలో స్పీడ్‌కి వడి, వెలాసిటీకి వేగం అని ఉంటుంది, చాలా తెలుగు వీడియోల్లో రెండిటికీ వేగం అనే అంటారు. అలాగే ద్రవ్యరాశికీ, భారానికీ కలిపి బరువు అనేస్తారు. మామూలు మాటల్లో తప్పేం లేదు, కానీ ఆ తేడానే పాఠం అయినప్పుడు పిల్లాడు పూర్తిగా గందరగోళంలో పడతాడు. వీడియో మిగతా అంతా బాగుంటే నేను పారేయను, సౌండ్ ఆపేసి బొమ్మ మాత్రం నడిపిస్తూ నా మాటల్లో నేనే చెప్తా. ఇది చాలామంది చేయరు, చేసి చూడండి, మంచి బొమ్మ ఉన్న ఇంగ్లీష్ వీడియోలన్నీ మనకి పనికొస్తాయి.

నిడివి ఐదారు నిమిషాలు దాటకూడదు, దాటితే కావాల్సిన ముక్క టైమ్ రాసిపెట్టుకోండి, 2:10 నుంచి 3:40 అని. ఎక్కడ ఆపాలో కూడా ముందే అనుకోండి. నా అనుభవంలో పాఠం అర్థమయ్యేది వీడియో నడుస్తున్నప్పుడు కాదు, ఆపినప్పుడు. బల్బు వెలగబోయే ముందు ఆపి "ఇప్పుడేమవుతుంది? ఎక్కువ వెలుగుతుందా తక్కువా? నోట్‌బుక్‌లో రాయండి, పక్కవాళ్ళది చూడొద్దు" అనాలి. అందరూ రాశాక ప్లే చేయాలి. అప్పుడు ఆ క్లాసు చూడాలండీ, వెనక బెంచీ వాళ్ళు కూడా ముందుకి వంగుతారు, ఎందుకంటే ఇప్పుడు వాళ్ళు రాసింది నిజమా కాదా అనేది తేలాలి.

ఎక్కడ వెతకాలి అంటే యూట్యూబ్ కంటే ముందు మన టెక్స్ట్‌బుక్ తెరవండి. పాఠాల దగ్గర ఉన్న క్యూఆర్ కోడ్‌ని ప్రభుత్వం వాళ్ళ దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం మెటీరియల్ వస్తుంది. దీక్ష 2017 టీచర్స్ డే రోజున మొదలైంది, ఇన్నేళ్ళయినా ఆ కోడ్ ఒక్కసారి కూడా స్కాన్ చేయని టీచర్లు నాకు తెలుసు. అందులో ఉన్నవన్నీ గొప్పగా ఉంటాయని చెప్పను, కొన్ని మరీ పుస్తకం చదివినట్టే ఉంటాయి, కానీ సిలబస్‌కి, పరిభాషకి దగ్గరగా ఉంటాయి. తెలంగాణ వాళ్ళకి టీ-శాట్ విద్య అనే ప్రభుత్వ ఛానెల్ పాఠాలు ఉన్నాయి, కలిసే పాఠాలు ఉంటే ఆంధ్రా వాళ్ళం కూడా చూస్తాం. పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేసి చూపించే అరవింద్ గుప్తా గారి "చెత్త నుంచి బొమ్మలు" వీడియోలు సైన్స్ టీచర్లు తప్పకుండా చూడాలి, 2018లో పద్మశ్రీ వచ్చిందాయనకి. చాలావరకు చిన్న చిన్న వీడియోలే. స్ట్రా చివర నొక్కి మొనగా కత్తిరించి ఊదుతూ, ఇంకో చివర కత్తెరతో కొంచెం కొంచెం కట్ చేస్తూ పోతే స్వరం ఇంకా ఇంకా కీచుగా మారుతూ పోతుంది, ధ్వని పాఠానికి అంతకన్నా ఏం కావాలి. చూశాక ప్రతి పిల్లాడూ చేసుకోగలడు, ఖర్చు ఒక స్ట్రా.

ఇప్పుడు టూల్స్. వీడియోలో పిల్లలు చూస్తారు, టూల్‌లో వాళ్ళు మార్చి చూస్తారు, తేడా అదే, కాబట్టి "ఇది మారిస్తే ఏమవుతుంది" అనే ప్రశ్న ఉన్న ప్రతి చోటా వీడియో కంటే టూల్ మంచిది.

నేను ఎక్కువగా వాడేది ఫెట్ (PhET), సిమ్యులేషన్లు, అంటే తెర మీద మనమే మార్చి చూసే ప్రయోగాలు ఉండే వెబ్‌సైట్. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీలో 2002లో మొదలైంది, మొదలుపెట్టింది నోబెల్ వచ్చిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వైమన్. ఫ్రీ, లాగిన్ అక్కర్లేదు, చాలా సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి, పైగా ఒక్కో సిమ్యులేషన్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తుంది. మన స్కూళ్ళకి ఈ చివరిదే ప్రాణం. సర్క్యూట్ దాంట్లో బ్యాటరీ, వైర్లు, బల్బు లాగి కలుపుకోవచ్చు. ఒక అమ్మాయిని పిలిచి రెండో బల్బు పెట్టమంటాను, వెలుగు తగ్గుతుంది. ఇప్పుడు అమ్మీటర్ (కరెంటు కొలిచేది) మొదటి బల్బు ముందు పెట్టు, తర్వాత రెండో బల్బు తర్వాత పెట్టు అంటాను. రెండు చోట్లా రీడింగ్ ఒకటే. "టీచర్, ఖర్చవలేదా మరి?" అని అడిగింది ఆ అమ్మాయి. ఆ ప్రశ్న పిల్లల నోట రావడం కోసమే ఇదంతా. తర్వాత నిజం బ్యాటరీ, నిజం బల్బులతో కూడా చేయించండి, తెర మీద చూసి వదిలేయొద్దు, వైరు సరిగ్గా తగలకపోతే బల్బు వెలగదు అనేది చేత్తో చేస్తేనే తెలుస్తుంది.

లెక్కల వాళ్ళకి జియోజీబ్రా, ఆకారాలు, గ్రాఫులు గీసి కదిలించి చూసే టూల్. త్రిభుజం గీసి ఒక మూల పట్టుకుని లాగితే కోణాలు మూడూ మారుతుంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే ఉంటుంది. పదో తరగతిలో వర్గ సమాసానికి గ్రాఫ్ గీసి x స్క్వేర్ ముందున్న సంఖ్యని స్లైడర్‌తో సున్నా దాటించి మైనస్‌లోకి తీసుకెళ్ళండి, గిన్నెలా ఉన్నది బోర్లపడుతుంది. సరిగ్గా సున్నా దగ్గర సరళరేఖ అయిపోతుంది, అక్కడ కాసేపు ఆగి ఎందుకో అడగండి.

క్విజ్‌లకి కహూట్ లాంటివి బాగుంటాయి కానీ పిల్లల చేతిలో ఫోన్లు కానీ ట్యాబ్‌లు కానీ ఉండాలి, పైగా ఎవరు ముందు నొక్కితే వాళ్ళకి పాయింట్లు, నిదానంగా ఆలోచించే పిల్లలు వెనకబడిపోతారు. నాకు ప్లికర్స్ నచ్చింది. ఒక్కో పిల్లాడికి ఒక్కో పేపర్ కార్డు, దాన్ని తిప్పి పట్టుకుంటే ఎ, బి, సి, డి. టీచర్ ఫోన్ కెమెరాతో క్లాసంతా ఒకసారి తిప్పితే ఎవరు ఏం జవాబు ఇచ్చారో వచ్చేస్తుంది. పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కూడా కష్టం, అందరి కార్డులూ వేరే వేరేగా ఉంటాయి. 40 కార్డుల సెట్ ఫ్రీగా ప్రింట్ తీసుకోవచ్చు. లామినేషన్ చేయిస్తే మెరిసేది వద్దు, లైటు పడి కెమెరాకి కనపడదు. ఒక్క ఫోన్‌తో నడిచే ఇలాంటి టూల్ మన క్లాసులకి సరిపోతుంది.

ఒక జాగ్రత్త. ఏ టూల్ అయినా పిల్లల పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ అడుగుతుంటే ఆగండి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే. నేను ప్లికర్స్‌లో కూడా పేర్లు పెట్టను, రోల్ నంబర్లే. ట్రయల్ ఫ్రీ అని చెప్పి తర్వాత తల్లిదండ్రులకి ఫోన్లు చేసే యాప్‌లని క్లాసు దరిదాపులకి రానివ్వకండి, మనం చెప్పామనే నమ్మకంతోనే వాళ్ళు డబ్బు కడతారు.

ముందు రోజు సాయంత్రం పనులు గబగబా చెప్తా. వీడియో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, పల్లెల్లో హాట్‌స్పాట్‌ని నమ్మొద్దు. స్కూలుకి వేరే జీమెయిల్ ఉంచుకోండి, మీ సొంత అకౌంట్‌తో తెరిస్తే మీరు ఇంట్లో చూసేవన్నీ పక్కన వరసగా కనిపిస్తాయి. ఆటోప్లే ఆఫ్. ఫోన్ కలిపితే డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. ఫ్యాన్లు తిరుగుతుండగా చివరి బెంచీలో కూర్చుని ఒకసారి వినండి, అక్కడ వినపడకపోతే స్పీకర్ కావాలి. ఇదంతా చేసినా కరెంటు పోవచ్చు, అందుకే ఆ బొమ్మ చార్టు మీదో బోర్డు మీదో గీయగలిగేలా ఉండండి.

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, పాఠం, పిల్లల చిక్కు ప్రశ్న, లింకు ఎక్కడుందో, ఏ నిమిషంలో ఆపాలో, పిల్లలు ఏమన్నారో రాస్తా. చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో మా సబ్జెక్ట్ వాళ్ళం ఒకరి పుస్తకం ఒకరం ఫోటోలు తీసుకుంటాం. ఒక్కొక్కరం నెలకి రెండు మంచివి రాసినా ఏడాదికి సిలబస్‌లో చిక్కులు చాలావరకు కవర్ అయిపోతున్నాయి. నాకు బల్బుల సంగతి బాగా కుదిరింది. కాంతి వక్రీభవనం దగ్గర మాత్రం సరైన వీడియో ఇంకా దొరకలేదు, మీ క్లాసులో పనిచేసింది ఏదైనా ఉంటే ఏ నిమిషంలో ఆపారో కూడా కలిపి చెప్పండి.