గుండె రిపోర్టులు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: సీబీపీలో తెల్లకణాలు

ముందు పోయిన పాఠం లెక్కకు జవాబు. ఎడమ జఠరికలో 120 మి.లీ. రక్తం నిండి, 48 మి.లీ. బయటికి వెళ్తే ఈఎఫ్ (నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు బయటికి వెళ్లే శాతం) 40 శాతం.

ఈసారి టూడీ ఎకో (గుండె స్కాన్) పక్కన పెట్టి సీబీపీ (రక్తకణాల పరీక్ష) కాగితం తీయండి. హైదరాబాద్‌లో ఏ ల్యాబ్‌లోనైనా చేసే పరీక్షే. చాలా ఇళ్లలో హిమోగ్లోబిన్ ఒక్కటి చూసి మడిచి పెట్టేస్తారు. మనం కింద ఉన్న డిఫరెన్షియల్ కౌంట్, అంటే తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే భాగం చదువుదాం.

గుండెపోటు వచ్చిన కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దెబ్బతిన్న కండరంలోకి చేరతాయి. వెనకే మోనోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు వస్తాయి. ఇవి ఎముక మూలుగ నుంచే కాక ప్లీహం (స్ప్లీన్)లోని నిల్వ నుంచి కూడా వస్తాయని 2009లో ఎలుకల్లో తేలింది. గుండెలోకి వచ్చాక మాక్రోఫేజ్‌లుగా మారి చచ్చిన కణాలను తినేస్తాయి, మచ్చ కట్టడానికి తోడ్పడతాయి. మచ్చ సరిగా కట్టకపోతే గుండె గోడ పలచబడి సాగుతుంది. పని అయ్యాక ఈ ఇన్‌ఫ్లమేషన్ (కణాలు చేరి రేపే వాపు) చల్లారాలి. నెలల తరబడి చల్లారకపోతే మంచి కండరంలోనూ పీచు పేరుకుని గుండె బిరుసెక్కుతుంది.

మరి ఈ ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచేస్తే సరిపోదా? వైద్యులూ అదే ప్రయత్నించారు. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె సరిపడా రక్తం పంపలేని స్థితి) ముదిరినవారి రక్తంలో టీఎన్ఎఫ్ అనే ఇన్‌ఫ్లమేషన్ పదార్థం ఎక్కువగా ఉంటుందని 1990లో గమనించారు. దాన్ని అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు ఇచ్చి చూస్తే మేలు జరగలేదు. పైగా ఎక్కువ డోసు తీసుకున్నవారిలో మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరే ముప్పు పెరిగిందని 2003లో ఫలితాలు వచ్చాయి. ఈ పాఠంలో ఇంకేం మరిచిపోయినా ఇప్పుడు చెప్పేది మరవకండి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా ఇన్‌ఫ్లమేషన్ తగ్గించేవే, కానీ ఒంట్లో ఉప్పు, నీరు నిలిపి హార్ట్ ఫెయిల్యూర్‌ను ముదరబెడతాయి. డాక్టర్‌ను అడగకుండా అమ్మానాన్నలకు వేయకండి.

ఇక లెక్క. న్యూట్రోఫిల్స్ 72 శాతం, లింఫోసైట్స్ (ఇంకో రకం తెల్లకణాలు) 18 శాతం ఉన్నాయనుకోండి. 72ను 18తో భాగిస్తే 4. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో శరీరం ఒత్తిడికి లోనై కార్టిసాల్ పెరిగితే లింఫోసైట్స్ తగ్గుతాయి, అంకె పైకి పోతుంది. అయితే న్యుమోనియా వచ్చినా, స్టెరాయిడ్ మాత్రలు వాడినా పెరుగుతుంది. వానాకాలంలో డెంగీ వస్తే మొత్తం తెల్లకణాలే పడిపోతాయి. అందుకే ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడొద్దు, ధైర్యమూ పడొద్దు.

అభ్యాసం: ఇంట్లోని పాత సీబీపీలు తేదీల వరుసలో పెట్టి ఒక్కోదానికీ ఈ అంకె కట్టండి. పక్కనే అప్పట్లో జ్వరం ఉందా, ఏ మందులు వాడుతున్నారో రాయండి. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్లండి. కాగితాలు లేనివారికి: న్యూట్రోఫిల్స్ 65, లింఫోసైట్స్ 26. జవాబు 6వ పాఠంలో.