రోజుకో ఫోటో, ఒకటే డొంక

పల్లెలో ఏడాది పొడవునా రోజుకో ఫోటో తీయాలనుకుంటే, ముందు ఒక చుట్టు ఎంచుకోండి. అంటే ఇంటి దగ్గర బయలుదేరి, పొలాల మీదుగా తిరిగి మళ్లీ ఇంటికే వచ్చే దారి, గంటలోపు అయిపోయేది. నాది తెనాలి దగ్గర పల్లె. సైకిల్ తీసుకుని పిల్లకాలువ కట్ట ఎక్కుతాను, తూము దాకా వెళ్లి అక్కడ డొంకలోకి, అంటే పొలాలకు పోయే బండ్ల బాటలోకి దిగుతాను, చేల మధ్యగా వచ్చి ఊరి చెరువు పక్కన తేలతాను. మొత్తం కలిపి నాలుగు కిలోమీటర్లు. రోజుకో ఫోటో మొదలుపెట్టిన కొత్తలో నేనూ అందరిలాగే ఆదివారం వస్తే బండేసుకుని ఉప్పలపాడు పక్షుల కేంద్రానికో, సూర్యలంక బీచికో పోయేవాణ్ని. ఆదివారం ఫోటో బాగుండేది, మిగతా ఆరు రోజులకు ఏమీ ఉండేది కాదు, మూడో వారానికల్లా ఆగిపోయేది. ఒకటే చుట్టు పెట్టుకున్నాకే నిలబడింది, ఎందుకంటే రోజూ చూసే దారిలో నిన్న లేనిది ఇవాళ ఏం వచ్చిందో ఇట్టే కంటికి తగులుతుంది. కొత్త ఊరు వెళ్తే అన్నీ కొత్తే కాబట్టి అక్కడ అసలు ఏం మారిందో మనకు తెలిసే వీల్లేదు.

నియమం ఒకటే పెట్టుకోండి: ఎన్ని తీసినా సరే, ఆ రాత్రి పడుకునేలోపు ఒక్కటి ఉంచుకుని మిగతావి తీసేయాలి. ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది. కానీ ఫోన్లో ముప్పై ఫోటోలు అలాగే పడి ఉంటే వారం తిరిగేసరికి రెండొందలవుతాయి, ఇక వాటిని ఎవరూ చూడరు, తీసినవాళ్లు కూడా. న్యూయార్క్‌లో జేమీ లివింగ్‌స్టన్ అనే ఆయన 1979 మార్చి 31 నుంచి 1997 అక్టోబర్ 25న చనిపోయేదాకా రోజుకొక పోలరాయిడ్ ఫోటో తీస్తూ వచ్చాడు. ఆరు వేలకు పైగా ఫోటోలు. వాటిలో చాలావరకు స్నేహితులు, భోజనం, వీధి, ఇంటి సామాను. ఒక్కోటి విడిగా చూస్తే మామూలుగానే ఉంటాయి, వరసగా చూస్తే ఒక జీవితం కనిపిస్తుంది. మన పొలాలూ అంతే. ఒక రోజు తప్పిపోతే టెన్షన్ పడకండి, ఆ తేదీని ఖాళీగా వదిలేయండి, నిన్నటి ఫోటోను ఇవాళ్టిదని మాత్రం పెట్టకండి. జ్వరం వచ్చి పడుకున్న నాలుగు రోజులు ఖాళీగా ఉంటే అదీ ఆ ఏడాదిలో భాగమే.

వేళ సంగతి. మా ప్రాంతంలో జూన్‌లో ఐదున్నర దాటగానే పొద్దు పొడుస్తుంది, జనవరి చివర్లో అయితే 6:40 దాకా ఆగాలి. పొద్దు పొడిచాక మొదటి ముక్కాలు గంట, సాయంత్రం పొద్దుగుంకే ముందు ముక్కాలు గంట, వెలుగు ఏటవాలుగా పడుతుంది కాబట్టి వరి ఆకు అంచు కూడా విడిగా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో అదే చేను చదునుగా, వెలిసిపోయినట్టు వస్తుంది. మధ్యాహ్నమే వీలయ్యేవాళ్లు ఆకాశం జోలికి పోకుండా నీడలోకి వెళ్లండి: మోటారు షెడ్డు లోపల, వేపచెట్టు కింద కట్టేసిన గేదె, గట్టు మీద పెట్టిన అన్నం క్యారేజీ. మబ్బు పట్టిన రోజు బాధపడాల్సిన పనేమీ లేదు, పచ్చదనం అసలు రంగులో వచ్చేది ఆ రోజే.

ఫోన్ చాలు. కొత్త కెమెరా కొన్నాకే మొదలుపెడదామంటే ఈ ఏడాది పోయినట్టే. జేబులోంచి తీయగానే లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి, సగం ఫోటోలు మసకగా రావడానికి కారణం చెమట, నూనె, దుమ్మే. రెండు వేళ్లతో లాగి జూమ్ చేయకండి, చేయగలిగితే నాలుగడుగులు ముందుకు వేయండి. సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుంటే చేల అంచు ఒక పక్కకు ఒరిగిపోకుండా ఉంటుంది. డెల్టాలో నేల అంతా బల్లపరుపు కదా, గీత కొంచెం వంకరైనా ఇట్టే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా నేర్చుకోవాల్సింది వెలుగు తగ్గించడం, పెంచడం. దమ్ము చేస్తున్న, అంటే నీళ్లు పెట్టిన చేనును బురదగా దున్నుతున్న ట్రాక్టరు వెనక కొంగలు గుంపుగా తిరుగుతుంటాయి. నల్లటి బురద, తెల్లటి కొంగ. ఫోన్ తన లెక్క ప్రకారం బురదను చూసి వెలుగు పెంచుతుంది, కొంగ కాస్తా సున్నం ముద్దలా అయిపోతుంది, ఈకలు కనపడవు. అలాంటప్పుడు తెర మీద కొంగను తాకండి, పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందికి జరపండి. ఈకలు విడివడి కనిపించేదాకా జరిపి అప్పుడు నొక్కండి. డిసెంబరు మంచులో దీనికి తిరగేసి చేయాలి. తెల్లటి మంచును ఫోన్ బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి కొంచెం పైకి జరపాలి. ఈ ఒక్కటీ చేతికి అలవాటయ్యేదాకా వారం రోజులు దీని మీదే ఉండండి, మిగతావన్నీ తర్వాత.

ఏం తియ్యాలి అంటే, చేను చెబుతుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలిన రోజు మొదటి ఫోటో కాలువదే అవ్వాలి: అప్పటిదాకా పిల్లలు క్రికెట్ ఆడిన పొడి అడుగు మీదుగా చెత్తనీ ఎండుటాకుల్నీ తోసుకుంటూ ఎర్రటి నీటి మొన ఒకటి నెమ్మదిగా నడిచొస్తుంది, దాని పక్కపక్కనే నడుస్తూ తీయొచ్చు. దమ్ము చేసి నాట్లు పడేలోపు ఒకటి రెండు రోజులు చేను అద్దంలా ఉంటుంది. అప్పుడు నిలబడి తీయకండి, గట్టు మీద గొంతుకు కూర్చుని ఫోన్‌ను తిరగేసి, లెన్సు నీటికి జానెడు ఎత్తులో ఉండేలా పట్టుకుంటే తాడిచెట్టు మొత్తం నీళ్లలో తలకిందులుగా దిగుతుంది. ఆ తర్వాత నాట్లు, మొదలు దగ్గర కొత్త పిలకలు వేయడం, పొట్ట, కంకి బయటికి వచ్చే ఈనిక. ఈనిక దశలో పొద్దున్నే కంకి దగ్గరికి వెళ్లి చూస్తే గింజ గింజకీ సన్నటి తెల్లటి పూత వేలాడుతుంటుంది. అది ఫోటో తీసేదాకా వరికి పువ్వు ఉంటుందన్న ధ్యాసే నాకు లేదు, పుట్టి పెరిగింది వరి చేల మధ్యే అయినా.

కోతలప్పుడు అందరూ కుప్పల్ని తీస్తారు. మీరు కోసిన మర్నాడు వెళ్లి కిందికి చూడండి. మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే ఆ చేలోనే మినుములు చల్లేస్తారు, కోసేసరికి మోళ్ల మధ్యనుంచి రెండాకుల మినుము మొలకలు లేస్తుంటాయి. మంచు పడిన పొద్దున మోడుకూ మోడుకూ మధ్య సాలెగూళ్లు, వాటి నిండా నీటిబొట్లు, వాటి కింద ఆ మొలక. ఇది పొద్దు పొడిచిన అరగంటకే ఆరిపోతుంది. ఇక ఫిబ్రవరి, మార్చి వస్తే దుగ్గిరాల వైపు వెళ్లేవాళ్లకు పసుపు వండి కళ్లాల్లో ఆరబోసిన దృశ్యం ఎటు చూసినా ఉంటుంది. దగ్గరికి వెళ్లి దుంపను తిరగేస్తున్న చేతుల్ని తీయండి, గోళ్ల సందుల్లో దిగిన పసుపే ఆ నెల ఫోటో. ఏప్రిల్లో ముంజెలు. మే ఎండల్లో ఏమీ లేదనిపిస్తుంది కానీ నల్లరేగడి బీటలు తీసిన తీరు వేరే ఏ నెలలోనూ దొరకదు, పక్కన మీ చెప్పు పెట్టి తీస్తే ఎంత వెడల్పో తెలుస్తుంది.

వీటితో పాటు ఒక స్థిరమైన చోటు పెట్టుకోండి. వారానికొక రోజు, అదే చోట నిలబడి, అదే దిక్కుకు, ఒకే ఎత్తులో. నేను తూము దిమ్మె మీద మోచేయి ఆనించి తూర్పుకు తీస్తాను. ఇలా తీస్తేనే ఉత్తరాయణం, దక్షిణాయనం అంటే ఏమిటో కంటితో చూశాను. డిసెంబరు చివర్లో కుడివైపు కొబ్బరితోట మీద పొడిచిన పొద్దు, వారం వారం ఎడమకు జరుగుతూ జూన్ మూడో వారానికి ఊరి వాటర్ ట్యాంకు పక్కకు వెళ్లిపోతుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుని కొలిస్తే దాదాపు ఐదు పిడికిళ్ల దూరం. అక్కడ ఆగి మళ్లీ వెనక్కి మళ్లుతుంది.

ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. డొంక మలుపులో కాలువ మీదికి ఒరిగిన తాడిచెట్టు ఉండేది, దాని మట్టలకు ఏటా వానాకాలం గిజిగాళ్లు గూళ్లు కట్టేవి. మగపిట్ట తల పసుపు రంగులో మెరిసిపోతుంటుంది, గడ్డిపోచను ముక్కున పట్టుకుని వచ్చి అల్లుతుంది. సగం అల్లిన గూడు బోర్లించిన టోపీలా ఉంటుంది, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకున్నాకే కిందికి గొట్టం దింపుతుంది. రెండేళ్లలో ఆ గూళ్లవి ముప్పైకి పైగా ఫోటోలు ఉంచుకున్నాను. పోయిన ఏడాది పక్క చేను వెంచర్ వేస్తూ రోడ్డు వెడల్పు కోసం చెట్టు కొట్టేశారు. ఇంటికొచ్చి వెతికితే, మొదలు నుంచి మొవ్వు దాకా ఆ చెట్టు నిండుగా ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. అన్నీ గూళ్లే, దగ్గరనుంచి తీసినవే. కాబట్టి మీ చుట్టులో ఉన్న ప్రతి పెద్ద చెట్టునూ, పాత బావినీ, పెంకుటింటినీ, చెరువు గట్టు మీది రావినీ ఈ నెలలోనే ఒకసారి దూరంగా నిలబడి నిండుగా తీసి పెట్టుకోండి. అందంగా రాకపోయినా పర్వాలేదు.

మనుషుల విషయంలో అడిగి తీయండి. నాట్లు వేసే ఆడవాళ్లు వంగి పని చేస్తుంటే వెనకనుంచి ఫోన్ ఎత్తడం తప్పు, నాకు చూస్తేనే కోపం వస్తుంది. గట్టు మీద నిలబడి "అమ్మా, ఒక ఫోటో తీసుకోనా" అంటే చాలామంది నవ్వి సరే అంటారు, "ఈ బురద మొహాలు ఎందుకయ్యా" అంటే వదిలేసి ముందుకు వెళ్లాలి. తీసిన ఫోటోను ప్రింట్ వేయించి ఇవ్వండి. ఇస్తానని చెప్పి ఇవ్వకపోతే మళ్లీ ఆ చేను దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లదు. పిల్లల్ని తీస్తే ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. పక్షుల గూళ్ల ఫోటో నలుగురికీ పంపేటప్పుడు ఏ చోటో రాయకండి, ఫోన్లో లొకేషన్ కూడా ఆపేయండి.

గడ్డి పెరిగిన గట్టు మీద చూపు తెర మీద పెట్టి నడవకండి, కట్లపాము, రక్తపింజర తిరిగే చోట్లు అవి. ఆగాక తీయండి, తీశాక నడవండి. ఉరుము వినపడితే ఇంటికి వెళ్లిపోవాలి, చేల మధ్య ఒంటరి తాడిచెట్టు కింద అసలు నిలబడకూడదు.

దాచుకోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నావి నాలుగు నెలల ఫోటోలు పోయాయి. తెర పగిలి ఫోన్ రిపేరుకిస్తే మొత్తం తుడిచేసి ఇచ్చారు. కొన్ని మాత్రం నేను స్నేహితులకు వాట్సాప్‌లో పంపి ఉండబట్టి వాళ్ల దగ్గరినుంచి తిరిగి వచ్చాయి, అవి కూడా సైజు తగ్గిపోయి, తీసిన తేదీ చెరిగిపోయి. ఒక్క ఫోటో నాలుగైదు ఎంబీ అనుకున్నా ఏడాదికి రెండు జీబీ దాటదు, చిన్న పెన్‌డ్రైవ్‌లో పడుతుంది. గూగుల్ ఫోటోస్‌లో 2021 జూన్ నుంచి ఉచితం 15 జీబీ వరకే, అందులోనే మెయిల్ కూడా, అయినా రోజుకొకటికి అది చాలా ఏళ్లు వస్తుంది. రెండు చోట్లా పెట్టండి. ఎవరికైనా పూర్తి సైజులో పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. పేరు 2025-08-19 ఇలా ఏడాది ముందు వచ్చేలా పెడితే కంప్యూటర్లో వాటంతటవే వరసలో పడతాయి. పక్కన ఒక నోటు పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం రాయండి: ఏ చేను, ఏ పైరు, వాన పడిందా, ఎవరు కనిపించారు.

ఫోటోలను విడగొట్టడానికి నెలలు కాకుండా కార్తెలు, అంటే రైతులు నక్షత్రాల పేర్లతో లెక్కేసే కాలాలు వాడి చూడండి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13 లేదా 14 రోజులు. పొలంలో మార్పు ఇంగ్లీషు నెల ప్రకారం రాదు, రోహిణి ఎండ వేరు, మృగశిర గాలి వేరు, ఆరుద్ర చినుకులకు మెట్ట చేలల్లో ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు బయటికి రావడం వేరు. ఒక్కో కార్తెకు ఒక ఫోల్డరు పెట్టి, అది దాటగానే ఒక్క ఫోటో పక్కకు తీసి పెట్టండి, ఏడాది తిరిగేసరికి 27 ప్రింట్లవుతాయి.

నా 27 మొన్న మా ఊరి టీ కొట్టు బల్ల మీద వరసగా పరిచాను. ఆశ్లేష అని రాసి పెట్టినదాన్ని ఒక పెద్దాయన చేతిలోకి తీసుకుని వెలుగులోకి పట్టి చూసి, "అబ్బాయ్, ఇది ఆశ్లేష కాదు, మఖలో తీసింది. పిలక చూడు, ఎంత వచ్చిందో" అన్నారు. అది తేదీ పోయి వాట్సాప్‌లోంచి తిరిగొచ్చిన వాటిలో ఒకటి, అంచనాగా ఆశ్లేషలో పెట్టాను. ఇంటికొచ్చి నోటు పుస్తకం తిరగేస్తే ఆగస్టు 21 దగ్గర, అంటే మఖలోనే, ఆ చేను పేరే రాసి ఉంది. ఫోల్డరు మార్చాను.