గ్లేజ్డ్ టెర్రకోట డిజైన్ కలవట్లేదా? బ్లాక్‌ని కాదు, మీరు ఎటు తిరిగున్నారో చూడండి

మైన్‌క్రాఫ్ట్‌లో ఫర్నేస్, క్రాఫ్టింగ్ టేబుల్ వాడటం వచ్చనే అనుకుని రాస్తున్నా. వైజాగ్‌లో సెలవులిస్తే చాలు, మా వీధి పిల్లలందరూ సర్వర్‌లో చేరి బీచ్ రోడ్డు కట్టేస్తారు, కురుసురా సబ్‌మెరైన్ కూడా దింపేస్తారు, తీరా దాని ముందు గ్లేజ్డ్ టెర్రకోట (రంగేసి కాల్చిన మట్టి బ్లాక్, మీద డిజైన్ ఉంటుంది) ఫ్లోర్ దగ్గరికొచ్చాక "అన్నయ్యా, డిజైన్ కలవట్లేదు, గేమ్‌లో బగ్ ఉంది" అని స్క్రీన్‌షాట్ పెడతారు. బగ్ ఏటీ లేదు బాబూ. ఎటు తిరిగి పెట్టావు అనడిగితే మాత్రం ఒక్కడి దగ్గరా సమాధానం ఉండదు.

సమస్య: ఫర్నేస్‌లో పెడితే ఏమీ అవ్వట్లేదు

రంగు వెయ్యని టెర్రకోట పెట్టుంటారు. క్లే బ్లాక్ కాలిస్తే మామూలు టెర్రకోట వస్తుంది, దాన్ని మళ్ళీ కాల్చినా ఏమీ రాదు. మధ్యలో రంగు పడాలి: క్రాఫ్టింగ్ టేబుల్‌లో చుట్టూ 8 టెర్రకోట, మధ్యలో 1 డై (రంగు). అలా వచ్చిన 8 రంగు బ్లాకుల్ని ఫర్నేస్‌లో వేస్తేనే డిజైన్ వస్తుంది. 16 రంగులకీ 16 వేరే డిజైన్లు, కాబట్టి రంగు ఎంచుకోవడమంటే డిజైన్ ఎంచుకోవడమే. ఒకసారి రంగేసిన టెర్రకోటకి ఇంకో రంగు ఎక్కదు, అది ముందే తేల్చుకోండి.

త్వరగా అవుతుందని బ్లాస్ట్ ఫర్నేస్‌లో పెట్టేవాళ్ళు కూడా ఉన్నారు, అది తీసుకోదు, మామూలు ఫర్నేసే కావాలి. ఒక్కో బ్లాక్‌కి 10 సెకన్లు, 1 బొగ్గుకి 8 బ్లాకులు. రెండుసార్లు కాల్చాలి కాబట్టి 8 గ్లేజ్డ్ బ్లాకులకి 32 క్లే ముద్దలు, 2 బొగ్గులు, 1 డై లెక్కేసుకోండి.

సమస్య: తీసి మళ్ళీ పెడదామంటే బ్లాక్ మాయమైపోతోంది

చేత్తో కొట్టారు. పికాక్స్ వాడండి, చెక్కదైనా సరే.

సమస్య: డిజైన్ ముక్కలు ముక్కలుగా వస్తోంది, ఒక వరుస బాగుంటే పక్క వరుస తలకిందులు

అందరూ ఇరుక్కునేది ఇక్కడే. బ్లాక్ ఎటు తిరగాలన్నది మీరు ఏ బ్లాక్ మీద క్లిక్ చేశారు, ఏ వైపు క్లిక్ చేశారు అన్నదాన్ని బట్టి ఉండదు. పెట్టే క్షణంలో మీ క్యారెక్టర్ ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమరల్లో ఎటు చూస్తోందన్నదే లెక్క. టైల్స్ మేస్త్రీ అయితే టైల్‌ని చేత్తో తిప్పి పెడతాడు, ఇక్కడ టైల్ తిరగదు, మేస్త్రీయే తిరగాలి.

ఇది తెలిసినవాళ్ళు కూడా రెండు చోట్ల దొరికిపోతారు. మొదటిది, ఫ్లోర్ పరిచేటప్పుడు ఒక వరుస వేసుకుంటూ ఆ చివరకి వెళ్తారు, మళ్ళీ ఈ చివరకి ఖాళీగా ఎందుకు రావడం అని వెనక్కి తిరిగి రెండో వరుస వేసుకుంటూ వచ్చేస్తారు. తిరిగారు కదా, ఆ వరుస మొత్తం తిరిగిపోయింది. మామూలు రాయితోనో చెక్కతోనో కట్టినన్నాళ్ళూ ఈ అలవాటు ఏ ఇబ్బందీ పెట్టదు, అందుకే దాని మీద అనుమానమే రాదు, వరుసలు విడిచి వరుసలు తేడాగా ఉన్నాయంటే మాత్రం కళ్ళు మూసుకుని ఇదే కారణం అని చెప్పెయ్యొచ్చు. ప్రతి వరుసా ఒకే దిక్కుకి చూస్తూ వెయ్యండి. వెనక్కి రావాలంటే వెనక్కి నడుస్తూ రండి, నడక ఎటైనా పర్లేదు, చూపు మారకపోతే చాలు.

రెండోది ఇంకా మాయదారిది. ఫ్లోర్ పని కాబట్టి తల పూర్తిగా కిందకి దించి పెడుతుంటారు, నేల తప్ప ఏమీ కనపడదు, దూరంగా ఉన్న గడి అందట్లేదని మౌస్ కొంచెం పక్కకి జరుపుతారు. చూపు మూలకి, అంటే 45 డిగ్రీలకి దగ్గర్లో ఉంటే ఆ కొంచెం జరపడానికే గేమ్ లెక్కలో ఉత్తరం కాస్తా తూర్పైపోతుంది. ఫ్లోర్‌లో అక్కడక్కడా ఒక్కో బ్లాక్ అడ్డం తిరిగిందంటే ఇదే. కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్లో ఎఫ్3 నొక్కితే ఎడమ పక్కన 'ఫేసింగ్' అని మీ దిక్కు, బ్రాకెట్లో డిగ్రీలు కనిపిస్తాయి: 0 దక్షిణం, 90 పడమర, 180 ఉత్తరం, మైనస్ 90 తూర్పు. ఆ అంకెల దగ్గర్లో నిలబడి పెట్టండి, 45కీ 135కీ దూరంగా ఉండండి. పెట్టేసిన బ్లాక్ వైపు చూస్తే కుడి పక్కన దాని దిక్కు కూడా రాసి ఉంటుంది, తేడా బ్లాక్ ఏదో అక్కడే పట్టెయ్యొచ్చు. ఫోన్లో ఆడేవాళ్ళకి ఎఫ్3 లేదు కాబట్టి సూర్యుడిని చూసుకోండి, గేమ్‌లో కూడా మన బీచ్‌లో లాగే తూర్పునే పొడుస్తాడు, మబ్బులెప్పుడూ పడమరకే పోతాయి. లేదా ముందు మెజెంటా రంగువి కొన్ని పెట్టి చూడండి, దాని డిజైనే బాణం గుర్తు, ఎటు తిరిగి పెడితే బాణం ఎటు పడుతోందో చూస్తే అయిదు నిమిషాల్లో అర్థమైపోతుంది.

సమస్య: దిక్కులు మార్చి పెట్టినా నాలుగు బ్లాకుల పువ్వు రావట్లేదు

రెండు బై రెండు గడుల్లో గడియారం ముల్లు తిరిగే వైపే బ్లాకులూ, మీరూ తిరగాలి. ఉత్తరం-పడమర మూల గడిలో ఉత్తరం చూస్తూ పెట్టండి, తర్వాత ఉత్తరం-తూర్పు మూలలో తూర్పు చూస్తూ, దక్షిణం-తూర్పు మూలలో దక్షిణం చూస్తూ, ఆఖరిది పడమర చూస్తూ. వచ్చిన బొమ్మ నచ్చకపోతే మొదటి బ్లాక్‌ని ఉత్తరం బదులు తూర్పు చూస్తూ మొదలెట్టి అదే వరసలో తిరగండి, ఇలా ఒకే రంగులో నాలుగు రకాలు వస్తాయి. పెద్ద ఫ్లోర్ అయితే ఉత్తరంతో మొదలెట్టినా దక్షిణంతో మొదలెట్టినా వచ్చేది ఒకటే డిజైన్, ఒక గడి మూలకి జరుగుతుందంతే, అంచుల దగ్గర తప్ప ఆ తేడా ఎవరికీ కనపడదు. తిరగడం మాత్రం ఎదురు వైపుకి తిరిగారంటే పువ్వు రాదు, ఎన్నిసార్లు పీకి పెట్టినా రాదు. గోడ మీద లెక్క వేరు, పక్క ముఖాల మీద బొమ్మ ఇంకోలా తిరిగి ఉంటుంది, ఫ్లోర్ వరస గోడకి ఎక్కించకుండా విడిగా నాలుగు పెట్టి చూసుకోండి.

సమస్య: హాలు కుడి సగం బాగుంది, మిర్రర్ చేసిన ఎడమ సగం పాడైంది

స్ట్రక్చర్ బ్లాక్‌తో (కట్టిన ముక్కని కాపీ చేసి ఇంకోచోట దింపే బ్లాక్) మిర్రర్ చేస్తే బ్లాక్ దిక్కు మారుతుంది గానీ దాని మీద బొమ్మ అద్దంలోలా తిరగబడదు. ఆ ముక్క మిర్రర్ చెయ్యకండి, తిప్పి వాడండి, లేదా చేత్తో వేసుకోండి.

స్టికీ పిస్టన్ (బ్లాకుల్ని తోసి, వెనక్కి లాగే బ్లాక్) వెనక్కి లాగట్లేదంటే అది గ్లేజ్డ్ టెర్రకోట గుణమే, తొయ్యడం వరకే, జిగురుగా ఉండే స్లైమ్ బ్లాక్‌కి కూడా అతుక్కోదు. బొమ్మే వేరుగా కనిపిస్తుంటే రిసోర్స్ ప్యాక్ (గేమ్ బొమ్మల్ని మార్చే ఫైళ్ళు) తీసి చూడండి. జావాలో బ్లాకే దొరకట్లేదంటే మీ వెర్షన్ 1.12 కంటే పాతది.