లైవ్ ఛానెళ్లు అంతగా చూడని ఇంట్లో టీవీ ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

టీవీ ఖర్చు తగ్గించే దారి చెప్పమని నా దగ్గరకు వచ్చే బంధువులు అప్పటికే రెండు పొరపాట్లలో ఒకటి చేసి ఉంటారు. కొందరు ఆవేశపడి కనెక్షన్ పూర్తిగా తీయించేస్తారు, పండుగకు పెద్దవాళ్లు ఇంటికి రాగానే మళ్లీ పెట్టిస్తారు. మరికొందరు కంపెనీ మారతారు. గోడ మీద డిష్ మారుతుంది, టీవీ కింద పెట్టె మారుతుంది, నెలనెలా కట్టే డబ్బు మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. ఎందుకంటే ఆ డబ్బును తినేది కంపెనీ పేరు కాదు, మనం ఎన్నడూ చూడని ఛానెళ్లను కలిపి కట్టిన ప్యాక్.

ముందుగా ఒక కాగితం టీవీ పక్కన పెట్టి, వారం రోజుల పాటు ఇంట్లో ఎవరు ఏ ఛానెల్ పెట్టినా దాని పేరు రాయమనండి. ఫోన్‌లో కాకుండా కాగితం మీదే రాయాలి, ఫోన్‌లో రాసుకుంటామన్నవారు రెండో రోజుకే మానేస్తారు. చాలా ఇళ్లలో ఆ జాబితా ఐదారు పేర్లు దాటదు.

తరువాత బిల్లు చూడాలి. కేబుల్‌కైనా డీటీహెచ్‌కైనా అందులో మూడు భాగాలుంటాయి: ఛానెళ్లను మన ఇంటిదాకా చేర్చినందుకు ఆపరేటర్ తీసుకునే నెట్‌వర్క్ రుసుము, డబ్బు కట్టి తీసుకునే ఛానెళ్ల ధర, ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ. 2019లో అమలులోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) విధానంలో మొదటి వంద ఛానెళ్లకు నెట్‌వర్క్ రుసుము నెలకు 130 రూపాయలు మించకూడదన్న పరిమితి ఉండేది. 2024లో దానిని ఎత్తివేశారు గనుక మీ ఆపరేటర్ ఇప్పుడు ఎంత తీసుకుంటున్నారో అడిగి తెలుసుకోవాలి. రెండో టీవీ ఉంటే దాని రుసుము విడిగా పడుతుంది. పడకగదిలో ఎవరూ చూడని ఆ రెండో పెట్టెను ఈ రోజే ఆపించండి, దాని గురించి ఆలోచించవలసినది ఏమీ లేదు.

ఇక అందరూ తప్పటడుగు వేసే చోటు ప్యాక్ తీసివేసి విడి ఛానెళ్లు పెట్టుకోవడం. ఛానెల్‌ను విడిగా ఎంచుకునే హక్కు వినియోగదారుడికి ఉంది. ‘అలా కుదరదండీ, అందరికీ ఇదే ప్యాక్’ అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గర ఆగిపోకండి. అలాగని విడిగా తీసుకోవడమే ఎప్పుడూ చవక అని కూడా అనుకోకండి. ప్యాక్ ధర మీద ప్రసార సంస్థలు 45 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చు, 19 రూపాయలకు మించిన ధర ఉన్న ఛానెల్‌ను ప్యాక్‌లో చేర్చకూడదు. కాబట్టి ఒకే సంస్థకు చెందిన ఛానెళ్లలో మీ కాగితం మీద ఉన్నవాటి విడి ధరలను కూడి, ఆ మొత్తాన్ని ప్యాక్ ధర పక్కన రాసి చూడాలి. ఒకటి రెండు ఛానెళ్లే అయితే దాదాపు ఎప్పుడూ విడిగానే లాభం, నాలుగైదు ఉంటే ప్యాకే నెగ్గవచ్చు. ఉదాహరణకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, 19 రూపాయల ఛానెళ్లు రెండు అనుకుంటే మొత్తం 168, జీఎస్టీతో కలిపి 198 రూపాయల 24 పైసలు. మీ బిల్లును ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోండి.

లెక్క తేలిన తరువాత కూడా తొందరపడకూడదు. ఆరు నెలలకో ఏడాదికో ముందుగా డబ్బు కట్టి ఉంటే గడువు ముగిసే దాకా ఆగడం మంచిది, మధ్యలో మారిస్తే అప్పుడు ఇచ్చిన రాయితీ పోవచ్చు. ప్యాక్ తీయడం, విడి ఛానెళ్లు చేర్చడం ఒకే అభ్యర్థనలో జరిగేలా చూసుకోవాలి. నేను మొదటిసారి ఒక సాయంత్రం ప్యాక్ తీయించి, మిగతాది రేపు చూద్దామనుకున్నాను. ఆ రాత్రి సీరియల్ రాకపోయేసరికి మా అత్తగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. రెండోసారి అంతకంటే ఖరీదైన తప్పు జరిగింది: విడి ఛానెళ్లు చేరాయి గానీ పాత ప్యాక్ తొలగలేదు, రెండింటికీ కలిపి ఒక నెల డబ్బు పోయింది. అందుకే మార్పు జరిగిన రోజే కంపెనీ యాప్‌లో మీ ఛానెళ్ల జాబితా తెరిచి, తీసేసిన ప్యాక్ పేరు నిజంగా పోయిందో లేదో మీ కళ్లతో చూడండి. కేబుల్ అయితే రసీదు అడగండి, నోటిమాట సరిపోదు. ఒకే ఛానెల్ మామూలు రూపంలోనూ హెచ్‌డీలోనూ రెండుసార్లు చేరిందేమో కూడా ఇక్కడే పట్టుకోవాలి. 32 అంగుళాల టీవీకి హెచ్‌డీ అక్కరలేదని నా నిశ్చితాభిప్రాయం.

అసలు కనెక్షనే వద్దనుకునేవారికి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. పెట్టెకూ డిష్‌కూ ఒకసారి పెట్టే ఖర్చే గాని నెలసరి రుసుము లేదు. అయితే అందులో హిందీ ఛానెళ్లదే పైచేయి. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు యాదగిరి, సప్తగిరి వస్తాయి గానీ మన ఇళ్లలో రోజూ నడిచే ప్రైవేటు తెలుగు సీరియళ్ల కోసం దానిని నమ్ముకుంటే నిరాశే మిగులుతుంది. వార్తల కోసమైతే డబ్బు కట్టవలసిన అవసరమే లేదు, ప్రధాన తెలుగు వార్తా ఛానెళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తూనే ఉన్నాయి. అన్ని ఛానెళ్లూ ఉచితమని చెప్పి చౌకగా అమ్మే దొంగ యాప్‌ల పెట్టెల జోలికి మాత్రం పోకండి. అవి ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు, ఆగిపోయాక అడగడానికి మనిషి ఉండడు.

మిగిలిన డబ్బుతో ఓటీటీ తీసుకునేవారు ఒక్కసారికి ఒక్కటే తీసుకోవాలి, అదీ నెలకే. ఆహా, ఈటీవీ విన్, జీ5 మూడూ ఒకేసారి పెట్టుకుంటే తగ్గించిన ఖర్చు వేరే దారిలో తిరిగి వస్తుంది. ఒకటి చూడడం అయిపోయాక దాన్ని ఆపి మరొకటి తీసుకోండి. కొత్తది కొనే ముందు మీ మొబైల్ రీఛార్జిలోనో ఇంటర్నెట్ పథకంలోనో అది ఇప్పటికే కలిసి ఉందేమో చూడండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన డబ్బు కోత ఆగదు. మీరు చెల్లింపులు చేసే యూపీఐ యాప్‌లో ఆటోపే (నెలనెలా దానంతటదే డబ్బు కట్టే ఏర్పాటు) జాబితా తెరిచి, అక్కడ దానిని రద్దు చేయాలి. కార్డు మీద పెట్టి ఉంటే ఆ ఓటీటీ ఖాతాలోకి వెళ్లి రద్దు చేసి, డబ్బు కోతకు ముందు బ్యాంకు పంపే సందేశం తరువాతి నెల కూడా వస్తుందేమో గమనించండి. మళ్లీ వచ్చిందంటే రద్దు సరిగా జరగలేదన్నమాట, కోత పడేలోగా ఇంకోసారి చేయండి.