కుక్కని గీద్దాం, 4వ భాగం: వెనక కాలు గోల తేలాకే కనుబొమ్మలు

ఈ యానిమేషన్ పాఠాల్లో ఈసారి మొత్తం కుక్క ముఖం మీదే అని చెప్పాను కదా, సగమే కుదురుతుంది, ఎందుకంటే పోయిన పాఠంలో వాక్ సైకిల్, అంటే మళ్లీ మళ్లీ ఆడించే ఒక చుట్టు నడక, చెయ్యమంటే మీరు పంపినవాటిల్లో చాలా కుక్కలు మనుషులు వంగుని పాకుతున్నట్టు ఉన్నాయి. టైమింగ్ బానే ఉంది. కాళ్ల వరస కూడా కరెక్టే, వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. చెడిందంతా వెనక కాలి దగ్గరే.

వెనక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చి ఒక మడత కనిపిస్తుంది చూడండి, అది మోకాలు కాదు. మడమ. కుక్క నడిచేది వేళ్ల మీద, మడమ గాల్లోనే ఉంటుంది. అసలు మోకాలు పైన పొట్ట పక్కన ఉంటుంది, మన మోకాల్లాగే ముందుకే ఉంటుంది, బొచ్చులో కలిసిపోతుంది కాబట్టి మీరు దాన్ని లెక్కలోంచే తీసేస్తున్నారు. "మా కుక్క మోకాలు వెనక్కే వంగుతోంది సార్" అని వీడియో పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. వంగదు బాబూ. అది పడుకున్నప్పుడు తొడ మీద చెయ్యేసి మెల్లగా కిందకి తడుముతూ రండి, చిన్న చిప్ప తగులుతుంది, అదీ మోకాలు. ముందు కాలికీ ఇదే లెక్క, మధ్యలో వంగేది మణికట్టు, మోచెయ్యి ఛాతీ పక్కనుంటుంది. నేనైతే ఏ ఫ్రేమైనా, అంటే కదలికలో ఏ ఒక్క బొమ్మైనా, మొదట మోకాలికీ మడమకీ రెండు ఎర్ర చుక్కలు పెట్టుకున్నాకే గీత మొదలుపెడతా.

ఫొటోలు చూసి గీస్తే ఇది పట్టుబడదు, ఇంట్లో తిరిగే కుక్క కావాలి. డిస్నీ స్టూడియోలో పనిచేసే ఆర్టిస్టు జో గ్రాంట్ 1937 ప్రాంతంలో బొమ్మలేసింది సొంత స్ప్రింగర్ స్పానియెల్‌కే, పేరు లేడీ. ఇంట్లో పాప పుట్టాక దాన్ని పట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు, అప్పుడది పడే అవస్థే లేడీ అండ్ ద ట్రాంప్ అనే డిస్నీ కార్టూన్ సినిమా కథకి బీజం. ఆయన 1949లో స్టూడియో వదిలేశాడు, సినిమా 1955లో వచ్చింది, టైటిల్స్‌లో ఆయన పేరు లేదు, కుక్క పేరు మాత్రం మిగిలింది.

సరే, ముఖం. గ్రోమిట్‌ని చూడండి, బంకమట్టి బొమ్మల సినిమాల్లో వాలెస్ అనే మనిషి పెంచుకునే కుక్క. దాన్ని సృష్టించిన నిక్ పార్క్ మొదట పిల్లి అనుకుని, బంకమట్టితో చెయ్యడానికి కుక్కే సులువని మార్చాడు. నోరు కూడా పెడదామనుకున్నాడు. కానీ మొదట్లో తీసిన షాట్‌లో వాలెస్ తలుపు కోస్తుంటే గ్రోమిట్ దాని కింద ఇరుక్కుని ఉంటాడు, అక్కడ చెయ్యి పట్టక నుదురు ఒక్కటే కదిపితే, విసుగంతా అందులోనే వచ్చేసింది. ఇంక నోరెందుకు? 1989లో వీళ్ల మొదటి సినిమా ఎ గ్రాండ్ డే ఔట్ వచ్చిందగ్గర్నుంచీ గ్రోమిట్ ఒక్క మాటా మాట్లాడలేదు. నిజం కుక్కల్లో కూడా కనుబొమ్మ లోపలి కొసని పైకెత్తే కండ ఒకటుంది, తోడేళ్లలో అది సరిగ్గా ఉండదు, 2019లో పరిశోధకులు కోసి చూసి చెప్పారు. కాబట్టి లోపలి కొస ఎత్తితే జాలి, దించితే అనుమానం, ఒకటే ఎత్తితే "నిజమా?". రెండు కనుబొమ్మల కొసలూ ఒకే ఫ్రేములో కదపకండి, రెండోది రెండు ఫ్రేములు ఆలస్యంగా రావాలి, లేకపోతే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. చెవులు నాకు పెద్దగా ఇష్టం ఉండదు, అవి వేరే పాఠంలో.

ప్రాక్టీస్: పడుకున్న కుక్కని రబ్బరు వాడకుండా 40 గీతబొమ్మలు. తర్వాత 5 సెకన్ల షాట్, సెకనుకి 24 ఫ్రేములు, టూస్ మీద, అంటే ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచితే, 60 బొమ్మలు. మీ కుక్క తలుపు వైపు చూస్తోంది, మీరు వస్తారో రారో దానికి తెలీదు, అది కనుబొమ్మల్లోనే కనపడాలి. కుక్క లేనివాళ్లు వీధి కుక్కని దూరం నుంచి గియ్యండి చాలు, వెళ్లి తొడ తడమకండి. తోక ఊపించి పంపితే మాత్రం చూడకుండానే తిప్పి పంపేస్తా.