గుండె దడదడలాడినా, కోపంతో ఒళ్లు మండినా ఏం చేయాలి?

మొన్న వానాకాలంలో దేవరకొండ దగ్గర మా బత్తాయి తోటలో, రాత్రి ఎనిమిదింటికి మోటరు ఆన్ చేద్దామని స్టార్టరు డబ్బా దగ్గరికి పోతుంటే కాలి పక్కన నల్లగా ఏదో మెదిలింది. పాము అనే మాట మనసులోకి రాకముందే నేను చెట్టు పాదు దాటి అవతల పడ్డాను. టార్చి వేసి చూస్తే డ్రిప్పు పైపు. నవ్వొచ్చింది, కానీ చేతుల వణుకు మాత్రం ఇంటికొచ్చి మంచినీళ్లు తాగేదాకా తగ్గలేదు.

పైపు అని తెలిశాక కూడా ఒంటికి ఎందుకు తెలియలేదు? మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా, కంటికి కనిపించింది ప్రమాదమేమో అనిపించగానే గంట కొట్టేస్తుంది, అదేమిటో తీరిగ్గా ఆలోచించే భాగం ఆ తర్వాత అందుకుంటుంది. ఈలోపు నరాల ద్వారా కబురు కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు చేరి, అవి అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కాలేయం దాచిపెట్టిన చక్కెరను బయటికి తీస్తుంది, కంటిపాపలు పెద్దవవుతాయి. తిండి అరిగించే పని అప్పటికి పక్కకు పోతుంది, నోరెండిపోవడం, కడుపులో తిప్పడం అందుకే. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915 నాటికే ఈ సంగతి రాశాడు. మన మాటల్లో చెప్పాలంటే 'కొట్లాడు, లేకుంటే ఉరుకు'.

కోపంలోనూ చాలావరకు ఇదే సరుకు. కాకపోతే భయంలో ముఖం పాలిపోయి చేతులు చల్లబడతాయి, కోపంలో ముఖం ఎర్రబడి, చేతులు వేడెక్కి, దవడ బిగుసుకుంటుంది.

ఆ మొదటి ఉలికిపాటును ఎవరూ ఆపలేరు, ఆపాలని చూడకండి. మన పని దాని తర్వాతే మొదలవుతుంది.

1. మీ గుర్తు పట్టుకోండి. ఒక్కొక్కరికి ఒక్కోటి ముందు వస్తుంది. కొందరికి అరచేతుల్లో చెమట, కొందరికి గొంతు వణుకు. నాకైతే చెవులు వేడెక్కుతాయి. ట్రాక్టరుతో దున్నిస్తూ మా చిన్నాయన గెట్టును రెండు సాళ్లు మా వైపు జరిపాడనిపించినప్పుడు, నోట్లోంచి మాట రాకముందే చెవులు కాలిపోయాయి.

2. ఊపిరి నెమ్మదిగా వదలండి. గుండెను 'జర ఆగు' అంటే ఆగదు, దాన్ని పట్టుకోవడానికి మన చేతికి దొరికే పగ్గం ఊపిరి ఒక్కటే. గాలి బయటికి వదిలేటప్పుడు వేగస్ నరం గుండెను నెమ్మదింపజేస్తుంది, అందుకే పీల్చడం కన్నా వదలడం పొడుగ్గా ఉండాలి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది, ఐదు నిమిషాలు చేస్తే చాలు. 'గట్టిగా ఊపిరి పీల్చు' అని పక్కవాళ్లు ఇచ్చే సలహా మాత్రం వినకండి. గబగబా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, మూతి చుట్టూ, వేళ్లకు తిమ్మిర్లు పడతాయి, అది చూసి ఏదో అయిపోతోందని టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

3. నడవండి. ఒళ్లు ఉరకడానికి సత్తువంతా సిద్ధం చేసుకుని కూర్చుంది, దాన్ని కాస్త ఖర్చు పెట్టాలి. దిండును గుద్దితే, గ్లాసు విసిరితే కోపం పోతుందనేది మాత్రం నిజం కాదు, దాంతో కోపం ఇంకా రాజుకుంటుందని పరిశోధనల్లో తేలింది. ఇంకో మాట, ఆ సమయంలో హోటల్ దగ్గర ఆగి స్ట్రాంగ్ టీ కొట్టకండి, అందులో కెఫిన్ ఉంటుంది, దడకు దడ తోడవుతుంది.

4. అరగంట ఏ నిర్ణయమూ వద్దు. అడ్రినలిన్ తొందరగానే తగ్గుతుంది, కానీ దాని వెనక వచ్చే కార్టిసాల్ అనే హార్మోను పైకి చేరడానికే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. తగ్గింది అనుకుని నోరు తెరిచేది ఈ సమయంలోనే. గెట్టు జరిపాడనిపించిన ఆ రోజు నేను సరిగ్గా పది నిమిషాలు ఆగి, బాగా చల్లబడ్డాననుకుని ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. మర్నాడు టేపు పట్టి కొలిస్తే జరిగింది ఒక్క సాలే, మెసేజ్ మాత్రం పెండ్లిళ్లలో ఇప్పటికీ వినిపిస్తున్నారు. బండి నడిపేటప్పుడూ ఇంతే. సాగర్ రోడ్డు మీద ఎవడో కట్ కొట్టాడని వాడి వెంట పడకుండా, పక్కకు ఆపి దిగండి.

ఇవన్నీ మామూలు భయానికి, కోపానికే. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి చేతికో దవడకో పాకి, చల్లచెమటలు పడితే ఊపిరి లెక్కలు పెడుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. కారణం లేకుండా మాటిమాటికీ దడ వస్తున్నా, కోపంలో ఇంట్లోవాళ్ల మీద చెయ్యి లేస్తున్నా 14416కి చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.